మంద్రంలో ఒట్టి గాలి, తారంలో కీచు: వేణువు సాధనలో దేన్ని సవరించుకోవాలి?

ప్రశ్న: కావలి అభ్యాసి

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఉంటున్నాను. నలభై దాటిన తరువాత వేణువు పట్టుకున్నవాణ్ణి కనుక చిన్నప్పటి నుంచి సాధన చేసినవారి వేగం నాకు రావాలని ఆశించడం లేదు. చేస్తున్న సాధన సరైన దారిలో ఉన్నదో లేదో తెలిస్తే చాలు. దగ్గరలో వేణువు నేర్పేవారు దొరకకపోవడంతో వీడియో పాఠాలు చూసి, కర్ణాటక పద్ధతిలోనే తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు పూర్తిచేసి అలంకారాల్లో సగం వరకు వచ్చాను. వేగమైన మూడో కాలంలో కూడా వేళ్ళు పెద్దగా తడబడడం లేదు. ఇబ్బంది అంతా నాదంలోనే ఉన్నది.

మంద్ర స్థాయిలో, అంటే కింది స్థాయిలో, పంచమానికి దిగేసరికి స్వరం కంటే గాలి చప్పుడే ఎక్కువగా వినిపిస్తుంది. పై స్థాయిలోని తార షడ్జం పలికించాలంటే బలంగా ఊదవలసి వస్తున్నది, ఊదితే అది కీచుమంటుంది. నెమ్మదైన ఒకటో కాలంలో ఆదితాళం ఒక ఆవర్తనం (ఒక చుట్టు) పూర్తికాక ముందే ఊపిరి అయిపోతుంది, ఒక్కోసారి తల కూడా తిరుగుతుంది. వీటన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతున్నది శ్రుతి. ఫోనులో తంబూరా పెట్టుకుని వాయిస్తే నా షడ్జం ఎప్పుడూ దానికి పైనే ఉంటుంది. వేణువును పెదవి వైపు బాగా తిప్పి ఊదితే కొంత దిగుతుంది గానీ పూర్తిగా కలవదు. మధ్యాహ్నం మేడ మీద గదిలో వాయించినప్పుడు ఈ తేడా మరింత పెరుగుతున్నట్టు అనిపిస్తున్నది.

ఉదయం ఆఫీసుకు వెళ్ళే ముందు అరగంట, రాత్రి భోజనానికి ముందు అరగంట దొరుకుతున్నాయి. (మా ఇల్లు రైలు కట్టకు దగ్గర కనుక రాత్రి అరగంటలో కొంత భాగం చెన్నై బండ్లకు పోతుంది.) ఈ గంటను ఎలా వాడుకోవాలి? వేగం పెంచుకుంటూ పోవడం మంచిదా, ఉన్నచోటే ఆగడం మంచిదా? తెలిసినవారు చెప్పగలరని మనవి.

సమాధానం: మూలాపేట వేణువు, నెల్లూరు

మీరు చెప్పిన ఇబ్బందుల్లో శ్రుతి మినహా మిగిలినవన్నీ పెదవుల దగ్గర, వేలి కొనల దగ్గర మొదలవుతున్నవే. శ్రుతి సంగతి చివరన అడుగుతాను, దాని మీద నాకొక అనుమానం ఉన్నది.

మంద్ర పంచమం పలకనప్పుడు ఊపిరిని తప్పుపట్టే ముందు వేళ్ళను చూసుకోవాలి. పై రంధ్రాల్లో ఏ ఒక్కదాని దగ్గర వెంట్రుకంత సందు ఉన్నా కింది స్వరం నిలవదు. వాయించడం ఆపిన వెంటనే వేళ్ళను వెలుతురులో తిప్పి చూడండి. రంధ్రపు అంచు చర్మం మీద గుండ్రంగా అచ్చుపడి ఉంటుంది. వలయం పూర్తిగా ఉంటే ఆ వేలు సరిగా మూసినట్టు, ఒక పక్క తెగి ఉంటే అక్కడ గాలి పోతున్నట్టు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువగా ఉంగరపు వేళ్ళ దగ్గరే ఈ లోపం కనిపిస్తుంది. దానికి మందు గట్టిగా నొక్కడం కాదు, నొక్కితే ఆ వేలు బిగుసుకుని పక్క వేలిని కూడా లాగుతుంది. వేలిని కొంచెం చాచి, కొసతో కాకుండా కొస కింద ఉండే మెత్తని భాగంతో మూయండి.

ఇక పెదవులు. కింది పెదవి ఊదే రంధ్రాన్ని మూడో వంతుకు మించి కప్పకూడదు, గాలి రంధ్రంలోకి నేరుగా పోకుండా ఎదుటి అంచుకు తగిలి చీలాలి, నాదం పుట్టేది ఆ చీలికలోనే. మీరు శ్రుతి దించడానికి వేణువును లోపలికి తిప్పుతున్నానన్నారు. అలా తిప్పినప్పుడు రంధ్రం మరింత మూసుకుని స్వరం కొంత దిగే మాట నిజమే గానీ, గాలి ఆ అంచును సరిగా తాకక నాదం చిక్కిపోతుంది. మంద్రంలో మీకు వినిపిస్తున్న గాలి చప్పుడులో సగానికి పైగా దీని వల్లనే వస్తున్నదని అనుకుంటున్నాను.

తార స్థాయికి కావలసింది ఎక్కువ గాలి కాదు, వేగం గల గాలి. మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టం మూతిని వేలితో సగం మూస్తే కుళాయి ఎక్కువ తిప్పకుండానే నీరు దూరం పోతుంది కదా, పెదవుల మధ్య సందును సన్నం చేయడం అటువంటిదే. దీన్ని అలవాటు చేసుకోవడానికి మంద్ర పంచమం పట్టుకుని, వేళ్ళు కదపకుండా, నాలుకతో కొట్టకుండా, పెదవులను మాత్రం దగ్గర చేసి మధ్య స్థాయి పంచమం రప్పించండి. తిరిగి పెదవులు వదిలి మంద్రానికి దిగండి. ఈ రాకపోకల్లో మొదట్లో మధ్యలో నాదం తెగుతుంది. తెగకుండా జరిగిన నాడు తార షడ్జం కోసం మీరు విడిగా శ్రమపడనక్కరలేదు.

తల తిరగడం గురించి భయపడకండి గానీ నిర్లక్ష్యం కూడా చేయకండి. వెడల్పైన సందు గుండా వెంట వెంటనే గాలి వదిలి, లోతుగా పీల్చి, మళ్ళీ వదులుతుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తేలిపోయినట్టవుతుంది. అలా అనిపించిన వెంటనే వేణువు పక్కన పెట్టి, కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకోండి. పెదవుల సందు సన్నబడితే ఇది దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. ఊపిరి పీల్చేటప్పుడు భుజాలు లేస్తున్నాయేమో అద్దంలో చూసుకోండి. లేవవలసింది పొట్ట, పక్కటెముకలు.

ఇప్పుడు నా అనుమానం. మీ వేణువుకు ఊదే రంధ్రం కాక ఎన్ని రంధ్రాలు ఉన్నాయి? చివర ఏదైనా అక్షరం గానీ అంకె గానీ చెక్కి ఉన్నదా? తంబూరాను ఏ శ్రుతికి పెడుతున్నారు? జొన్నవాడ తిరునాళ్ళలో కర్రకు గుచ్చి అమ్మే పిల్లనగ్రోవి అయితే ఈ చర్చ ఇక్కడితో ఆపవచ్చు, అవి పిల్లల సరదాకు చేసినవి, శ్రుతి చూసి రంధ్రాలు వేసినవి కావు.

సమాధానం: ఒంగోలు భౌతికశాస్త్ర అధ్యాపకుడు

మధ్యాహ్నం తేడా పెరుగుతున్నట్టు అనిపించడం మీ భ్రమ కాదు. గొట్టంలోని గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, దానితోపాటు స్వరమూ పైకి పోతుంది. గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడు సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. ఒక అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే ఈ పెరుగుదల డిగ్రీకి సుమారు 3 సెంట్లు అవుతుంది. తెల్లవారుజామున 26 డిగ్రీలు ఉన్న గది, మన వేసవి మధ్యాహ్నం మేడ మీద 40 డిగ్రీలకు చేరితే 40 సెంట్లకు పైగా తేడా రావాలి. వాయించేవారి ఊపిరి వల్ల గొట్టంలోని గాలి ఎప్పుడూ కొంత వెచ్చగానే ఉంటుంది కనుక వాస్తవంలో తేడా ఇంతకంటే తక్కువగా ఉంటుంది. అయినా చెవికి తెలుస్తుంది. వీణకు, వయొలిన్‌కు ఎండలో తీగలు సడలి శ్రుతి దిగుతుంది, వేణువుకు పెరుగుతుంది. వేసవి కచేరీల్లో ఈ రెండూ ఎదురుబొదురుగా కూర్చున్నప్పుడు వయొలిన్ విద్వాంసులు మాటిమాటికీ బిరడాలు తిప్పుకోవడానికి ఇది కూడా ఒక కారణం.

ఫోనులోని తంబూరాకు ఎండ తగలదు కనుక దిగవలసింది మీరు కాదు, ఎక్కవలసింది అది. పది నిమిషాలు వాయించి వేణువు వెచ్చబడిన తరువాత, యాప్‌లో సెంట్ల లెక్కన సవరించే వీలుంటే దాన్ని మీ షడ్జానికి తెచ్చుకోండి. ఏసీ గదిలో నుంచి ఎండలోకి, ఎండలో నుంచి ఏసీ గదిలోకి వేణువును మార్చకండి, వెదురు చిట్లుతుంది. గొట్టానికి అక్కడక్కడ దారం బిగించి చుట్టేది చీలిక పాకకుండా ఉండడానికే.

అయితే ఒక విషయం గమనించాలి. ఎండ వల్ల వచ్చే తేడా ఎంత ఎక్కువగా లెక్కవేసినా అర్ధస్వరంలో సగం దాటదు. బలంగా ఊదితే మరి కొన్ని సెంట్లు పెరుగుతుంది. వేణువును పూర్తిగా లోపలికి తిప్పినా కలవడం లేదని, అదీ అన్ని వేళలా అంతేనని మీరు రాశారు. అంత తేడాకు వాతావరణం చాలదు. మూలాపేట మాష్టారు అడిగిన ప్రశ్నలకు సమాధానం చెప్పండి, అసలు కారణం అక్కడ ఉండవచ్చు.

కావలి అభ్యాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. వేణువు తిరునాళ్ళలో కొన్నది కాదు మాష్టారూ, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. దానికి ఆరు రంధ్రాలు ఉన్నాయి, చివర ఇంగ్లీషు అక్షరం సి చెక్కి ఉన్నది. తంబూరాను కూడా సి కే, అంటే ఒకటి శ్రుతికే పెడుతున్నాను. వీడియోలో చెప్పినట్టు పై రెండు రంధ్రాలు మూసి షడ్జం వాయిస్తున్నాను. వేలి అచ్చులు చూశాను. ఎడమ ఉంగరపు వేలి వలయం ఒక పక్క లేదు.

సమాధానం: మూలాపేట వేణువు, నెల్లూరు

అనుమానం తీరింది. మీది హిందుస్తానీ బాన్సురి, మీరు చూస్తున్న పాఠాలు ఎనిమిది రంధ్రాల కర్ణాటక వేణువుకు చెప్పినవి. బాన్సురిలో పై మూడు రంధ్రాలు మూసినది షడ్జం, తయారుచేసేవారు సాధారణంగా చెక్కే అక్షరం ఆ షడ్జానిదే. కర్ణాటక వేణువులో పై రెండు మూసినది షడ్జం. అంటే మీరు షడ్జమనుకుని వాయిస్తున్నది ఆ గొట్టానికి చతుశ్రుతి రిషభం, తంబూరా కంటే పూర్తిగా ఒక స్వరం పైన ఉన్నది. దాన్ని పెదవితో దించాలని ఇన్నాళ్ళు ప్రయత్నించారు కనుకనే వేణువు లోపలికి తిరిగింది, నాదం చిక్కింది, గాలి వృథా అయింది, ఊపిరి చాలలేదు. ముందుగా మూడు రంధ్రాలు మూసి ఊది, అది మీ తంబూరా షడ్జంతో కలుస్తున్నదో లేదో చూడండి. కలిస్తే నేను చెప్పినది ఖాయం.

వేణువు మార్చవలసిన అవసరం ఇప్పుడే లేదు. మీ వేళ్ళు కర్ణాటక పద్ధతికి అలవాటుపడ్డాయి కనుక రెండు మూసిన షడ్జాన్నే ఉంచుకుని తంబూరాను రెండు శ్రుతికి, అంటే డి కి పెట్టుకోండి. అప్పుడు ఆరూ మూస్తే మంద్ర మధ్యమం, అక్కడి నుంచి ఒక్కొక్కటే తెరుచుకుంటూ వస్తే పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం, షడ్జం, చతుశ్రుతి రిషభం, అన్నీ తెరిస్తే అంతర గాంధారం వస్తాయి. అర రంధ్రాలు లేకుండా, అంటే ఏ రంధ్రాన్నీ సగం తెరవకుండా, వచ్చిన ఈ స్వరాలు హరికాంభోజి రాగానివి. వేణువుకు సహజమైన మేళం (మాతృక రాగం) హరికాంభోజి అని పెద్దలు చెప్పేది ఇందుకే.

మీరు మొదటి నుంచీ మాయామాళవగౌళ రాగంలో సాధన చేస్తున్నారు కాబోలు. గాత్రానికి, వీణకు అది చక్కని ప్రారంభం. వేణువు మీద మాత్రం శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం మూడింటికీ సగం రంధ్రం తెరవాలి. సగం అంటే ఎంతో వేలు చూసి తెలుసుకునేది కాదు, చెవి చెప్పాలి. ఆ చెవి కుదరక ముందే మూడు కాలాల్లో పరుగెత్తితే అర రంధ్రాలన్నీ తలా ఒక చోట పడతాయి. కనుక సరళీ స్వరాలను హరికాంభోజిలో తిరిగి మొదలుపెట్టి, తరువాత కాకలి నిషాదం ఒక్కటే చేర్చి శంకరాభరణానికి వచ్చి, ఆ పిమ్మట మాయామాళవగౌళకు వెళ్ళండి. నేను పిల్లలకు చెప్పే వరుస ఇదే. వేరే వరుసలో నేర్పే మంచి గురువులు కూడా ఉన్నారు, వారితో నాకు వాదం లేదు.

గాంధారం నుంచి మధ్య స్థాయి మధ్యమానికి దాటే చోటు మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. గాంధారానికి వేళ్ళన్నీ పైన ఉంటాయి, మధ్యమానికి ఆరూ ఒకేసారి పడి, అదే క్షణంలో పెదవులు సన్నబడాలి. ఒక్క వేలు ఆలస్యమైనా మధ్యలో ఇంకేదో స్వరం చిట్లినట్టు వినిపిస్తుంది. గ మ, మ గ అని ఈ రెండు స్వరాలనే నెమ్మదిగా, వేళ్ళు రంధ్రాలకు మరీ ఎత్తుగా లేవకుండా వాయించండి. సరళీ వరుసలు మొత్తం వాయించడం కంటే ఇది విసుగు పుట్టించే పని, ప్రయోజనం మాత్రం దీనిలోనే ఎక్కువ.

సమాధానం: దర్శి గాత్రం

నేను వేణువు వాయించను, గాత్రం చెబుతాను. గంటను ఎలా వాడుకోవాలన్న అన్నగారి ప్రశ్నకు ఎవరూ పూర్తిగా సమాధానం చెప్పలేదు కనుక రాస్తున్నాను.

ఉదయపు అరగంటను పూర్తిగా దీర్ఘ స్వరాలకే ఇవ్వండి. తంబూరాతో షడ్జం పట్టి, నిమిషానికి 60 అక్షరాల నడకలో నాలుగు అక్షరాలు నిలిపి, అది అదరకుండా నిలిచిన తరువాతనే ఆరుకు, ఎనిమిదికి వెళ్ళండి. ఊపిరి చివరకు వచ్చేసరికి స్వరం కిందికి జారుతుంది. ఇది గాత్రంలోనూ ఉన్నదే. జారిన తరువాత సాగదీయడం వల్ల చెవికి ఆ అపస్వరమే అలవాటవుతుంది. జారబోయే ముందే ఆపి కొత్త ఊపిరి తీసుకోండి. రాత్రి అరగంట వరుసలకు, గీతాలకు ఉంచుకోండి. రైలు వచ్చినప్పుడు వేణువు దించి, తాళం వేస్తూ ఆ వరుసనే నోటితో పాడండి. బండి పోయిన తరువాత తంబూరా షడ్జం మీరు పాడుతున్న షడ్జంతో కలిస్తే మీ చెవి దారిలో పడుతున్నట్టే.

పాడనిది వాయించకండి అని నా అభిప్రాయం. కర్ణాటక వేణువులో గాత్రపు గమకాన్ని (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరును) సంపూర్ణంగా పలికించినవారిగా పేరు పొందిన టి.ఆర్. మహాలింగం (1926–1986) వాదనం విన్నా, కచేరీలో వేణువు మధ్యలో దించి సాహిత్యం తానే పాడి మళ్ళీ ఎత్తుకునే అలవాటున్న టి. విశ్వనాథన్ (1927–2002) వాదనం విన్నా, వారి వేళ్ళ వెనుక గొంతు ఉన్నదని తెలుస్తుంది. గమకం అంటే వేలిని రంధ్రం మీద వేగంగా ఆడించడమని వీడియోలు చూసినవారు చాలామంది అనుకుంటున్నారు. ఏ స్వరం నుంచి బయలుదేరి ఏ స్వరాన్ని తాకి తిరిగి వస్తున్నదో గొంతులో తెలియకుండా వేలు ఆడిస్తే అది వణుకు మాత్రమే అవుతుంది.

వేగం గురించి అడిగారు. మూడో కాలం మానెయ్యనక్కరలేదు గానీ, ఒకటో కాలంలో ప్రతి స్వరం శ్రుతిలో పడిన వరుసను మాత్రమే రెండో కాలానికి తీసుకెళ్ళండి. వారానికి ఒకసారి ఒకటో కాలాన్ని ఫోనులో రికార్డు చేయండి. ఫోను ఊపిరి తగిలే వైపు కాకుండా కొంచెం దూరంగా, పక్కకు పెట్టాలి. రికార్డు చేసినది అప్పుడే వినకండి, మరునాడు వినండి. వాయించిన వెంటనే వింటే చెయ్యి చేసిన శ్రమ గుర్తుండి చెవి మొహమాటపడుతుంది.

గీతాలు అయిన తరువాత వాగ్గేయకారులు శ్యామశాస్త్రి గారు భైరవి రాగంలో చేసిన స్వరజతి అనే రచనను నేర్చుకోవాలని నా సలహా. శ్యామశాస్త్రి గారి పూర్వులు మన కంభం ప్రాంతం వారు కనుక చెబుతున్నానని అనుకోకండి. అందులో ఎనిమిది చరణాలు వరుసగా షడ్జం, రిషభం, గాంధారం అంటూ ఎక్కి తార షడ్జంతో మొదలవుతాయి. ప్రతి స్వరం మీద నిలబడి దాని బలం తెలుసుకోవడానికి అంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

సమాధానం: మూలాపేట వేణువు, నెల్లూరు

అమ్మ చెప్పిన రికార్డు పద్ధతి మా విద్యార్థులకు కూడా చెబుతాను. స్వరజతి విషయంలో మాత్రం విభేదిస్తున్నాను. భైరవిలో ధైవతం ఒకచోట చతుశ్రుతిగా, ఒకచోట శుద్ధంగా పలకాలి, గాంధార నిషాదాలకు విడవని గమకం ఉన్నది. ఆరు రంధ్రాల గొట్టం మీద, అర రంధ్రం ఇంకా కుదరని వేలితో అది మొదలుపెడితే స్వరస్థానాలు చెదురుతాయి. మలహరి రాగంలోని గీతాలు, తరువాత మోహన రాగంలో ఒక గీతం, ఒక వర్ణం వచ్చే వరకు దాన్ని వింటూ, పాడుతూ ఉండండి, వాయించడం తరువాత. మోహనలో స్వరాలన్నీ మీ వేణువు మీద పూర్తి రంధ్రాలతోనే వస్తాయి కనుక నాదం మీద మనసు పెట్టడానికి వీలుంటుంది.

ఎనిమిది రంధ్రాల వేణువు కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో కాకుండా, తెలిసినవారిని వెంటపెట్టుకుని నెల్లూరులో గానీ చెన్నైలో గానీ ఊది చూసి తీసుకోండి. కర్ణాటక వేణువు వెదురు మందంగా ఉంటుంది, మొదట్లో బరువనిపిస్తుంది. మన తీరప్రాంతపు తేమకు లోపల బూజు పడుతుంది కనుక వాయించిన ప్రతిసారీ సన్నని కర్రకు మెత్తని గుడ్డ చుట్టి లోపల తుడిచి, నీడలో ఆరనిచ్చి సంచిలో పెట్టండి. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టకండి.

తంబూరాను రెండు శ్రుతికి మార్చిన తరువాత మంద్ర పంచమం, మధ్య షడ్జం ఒక్కొక్క ఊపిరితో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. వేణువును లోపలికి తిప్పే అలవాటు మీకు తెలియకుండానే కొనసాగవచ్చు, అది నాదంలో తెలుస్తుంది, విని చెబుతాను.